సూది గొప్పదా, గోలీ గొప్పదా?

నిన్న రాత్రి న్యూజెర్సీ నుంచి మీ మేనత్త ఫోన్ చేసినప్పటి నుంచీ మీ జేజి ముఖం గమనించారా? పెనం మీద పెట్టి మరిచిపోయిన రొట్టెలా ఉంది. సంగతేమిటంటే, అక్కడ మీ బావకు మోకాలి వెనక ఒక ఎర్రటి మచ్చ లేచిందట. మొదట రూపాయి బిళ్లంత, నాలుగు రోజుల్లో అరచేయంత. నడుమ ఎరుపు, చుట్టూ కాస్త వెలిసినట్టు, ఆ చుట్టూ మళ్లీ ఎరుపు. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే చుట్లు చుట్లుగా కనిపిస్తుంది చూడండి, అట్లా. డాక్టరమ్మ చూసింది. రక్తం తీయలేదు, స్కానింగు రాయలేదు. "అడవిలో క్యాంపుకు పోయినావా?" అని అడిగి, పది రోజులకు గోలీలు రాసి పంపించేసింది.

ఇక మీ జేజి! "అంత పెద్ద దేశంల ఒక్క సూది దొరకలేదా? పిల్లగాని ఒంటి మీద అంత మచ్చ లేస్తే గోలీలు చేతుల పెట్టి పొమ్మంటరా? మన వనపర్తిల అయితే ఈపాటికి రెండు సూదులు, ఒక గ్లూకోజు బాటిల్ అయితుండె."

నవ్వకండర్రా. మీ జేజి ఒక్కతే కాదు, ఈ చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరిని కదిపినా అదే మాట. జ్వరమొస్తే "ఒక సూదెయ్యి సారూ, రేపు పనికి పోవాలె" అంటారు. అందులో తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. పాలమూరు కూలి మనిషికి ఒకరోజు పడకేస్తే ఒకరోజు కూలి పోయినట్టే. గోలీ మింగి మూడు రోజులు చూద్దామనే ఓపిక కడుపు నిండినవాళ్లకుంటుంది. పైగా గోలీ మింగితే లోపల ఏం జరుగుతుందో కనపడదు. బాటిల్ ఎక్కిస్తే చుక్క చుక్కా పడటం కళ్లారా కనిపిస్తుంది. ఖర్చు పెట్టిన డబ్బు ఒంట్లోకి దిగుతున్నట్టే ఉంటుంది మరి!

ఇంతలో చిన్నోడు ఒక మాటడిగాడు. నలభై ఏళ్లు సైన్సు చెప్పిన నాకు బడిలో ఎవడూ వేయని ప్రశ్న. "తాతా, మచ్చ కాలి మీద ఉంది. గోలీ కడుపులకు పోతది. మరి గోలీకి కాలి దిక్కు దారి ఎట్ల తెలుస్తది?"

తెలియదురా నాన్నా. గోలీకి ఏ దారీ తెలియదు. అది ఊరంతా పంచే పెళ్లి పిలుపులాంటిది. అందరి ఇంటికీ పోతుంది, కావలసినవాడు అందుకుంటాడు. కడుపులో కరిగి, పేగు గోడ దాటి, కాలేయం దగ్గర సుంకం కట్టి, నెత్తురులో కలుస్తుంది. ఆ తర్వాత గుండె దాన్ని నెత్తి నుంచి కాలి గోటి దాకా తిప్పుతుంది. సూది మందు ఏం చేస్తుంది? ఈ కడుపు, పేగు, సుంకం గొడవ లేకుండా నేరుగా నెత్తురులో దిగుతుంది. అంతే తేడా. కల్వకుర్తి ఎత్తిపోతల గురించి మీకు తెలుసు కదా. ఎల్లూరు దగ్గర కృష్ణ నీళ్లను మోటార్లు ఎత్తి కాలువలో పోస్తాయి. వాన నీళ్లయితే చెల్కలో పడి, ఇంకి, ఊటగా వచ్చి బావిలో చేరతాయి. చేనికి చేరాక నువ్వు కాలువ నీళ్లా, బావి నీళ్లా అని పల్లి మొక్క అడగదు. దారిలో ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్నదే లెక్క.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కొన్ని మందులకు దారిలో అంతా పోతుంది. పాతకాలపు పెన్సిలిన్ ఉందే, కడుపులోని పులుపుకే సగానికి పైగా విరిగిపోయేది. నిమ్మరసం పడిన పాలలాగా. అందుకే మా చిన్నప్పుడు పెన్సిలిన్ అంటే సూదే. సెఫ్‌ట్రయాక్సోన్ అని ఇప్పుడు ఎక్కడ చూసినా వేసే సూదొకటుంది. దాన్ని మింగితే పేగు గోడ లోపలికి రానివ్వదు. కాబట్టి దానికి సూది తప్ప గతి లేదు. ఇక మీ బావకిచ్చిన గోలీ పేరు డాక్సీసైక్లిన్. అది పదిపాళ్లు మింగితే తొమ్మిది పాళ్లకు పైగానే నెత్తురు చేరుతుంది. అంత నిక్కచ్చిగా చేరే మందుకు సూదెందుకు? వాకిలి తెరిచే ఉంటే గోడ దూకడమెందుకు?

బావకు వచ్చిన జబ్బు పేరు లైమ్. నిమ్మకాయకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అని ఒక ఊరుంది. 1970లలో ఆ ఊళ్లో, చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు మోకాళ్లు వాచడం మొదలైంది. మోకాళ్ల వాపంటే మాలాంటి ముసలివాళ్ల జబ్బు కదా. ఒక ఇంట్లో ఇద్దరికి, పక్క సందులో ఇంకొకరికి. పాలీ ముర్రే అని ఒక తల్లి కాగితం తీసుకొని ఎవరికి ఎప్పుడొచ్చిందో రాసుకుంటూ పోయింది. డాక్టర్లు మొదట ఆమె మాట పెద్దగా పట్టించుకోలేదు. ఆమె వదలలేదు. 1975లో ఆమె, ఇంకో తల్లి కలిసి అధికారుల చెవిన వేస్తే యేల్ విశ్వవిద్యాలయం నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టరు వచ్చి ఆ లెక్కను ముందుకు తీసుకుపోయాడు. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే ఆయన పిడుదు కడుపులో మెలికలు తిరిగిన క్రిమిని చూశానని లోకానికి చెప్పాడు. అందుకే ఆ క్రిమి పేరులో ఆయన పేరు చేరింది.

పిడుదంటే మన ఎడ్ల గంగడోలు కింద, కుక్క చెవుల్లో పట్టుకుని ఉండేదే. కుక్కదైతే గోమారి అంటాం. అమెరికాలో దీన్ని మోసేది జింకల పిడుదు. అందులోనూ పిల్ల పిడుదు మరీ గడుసుది. గసగసం గింజంత ఉంటుంది. కాలికి పట్టుకుంటే పుట్టుమచ్చ అనుకుంటాం. అది పట్టుకోగానే జబ్బు రాదు. మామూలుగా ఒకటిన్నర రోజు పట్టుకొని ఉంటే గానీ క్రిమి మన ఒంట్లోకి దిగదు. కాబట్టి సాయంత్రం స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా తడిమి చూసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. చిమటాతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగడమే. కిరోసిన్ పోయడాలు, అగ్గిపుల్ల అంటించడాలు వద్దు.

ఈ క్రిమిలో నాకు భలే నచ్చే గుణం ఒకటుంది. భూమ్మీద దాదాపు ప్రతి ప్రాణికీ ఇనుము కావాలి. మన నెత్తురెరుపే ఇనుముతో. క్రిములు మన ఒంట్లో చేరితే ఇనుము కోసమే కొట్లాడతాయి, మన ఒళ్లేమో ఇనుమును దాచేస్తుంది. ఈ లైమ్ క్రిమి మాత్రం ఇనుమే వద్దంటుంది. మాంగనీసుతో సరిపెట్టుకుంటుంది. ఉప్పు లేకుండా తినేవాణ్ని ఉప్పు దాచి ఏడిపించలేం కదా!

సరే, సూది ముచ్చటకొద్దాం. లైమ్‌కు సూదే అక్కరలేదా అంటే, అక్కర ఉంది. మచ్చ ఒక్కటే ఉంటే గోలీలు. మోకాలు వాస్తే నాలుగు వారాలు గోలీలు, అప్పటికీ వాపు గట్టిగా నిలిచిపోతే అప్పుడు సూది. మూతి ఒకపక్కకు వంకరపోయినా గోలీ చాలు. గుండె లయ తప్పి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ముందు సూది, కుదుటపడ్డాక గోలీ. మెదడు లోపలికే దిగబడితే సూది. ఇవి ఎవరో కూర్చుని ఊహించినవి కావు. నార్వేలో ఒక పరీక్ష చేసి 2008లో దాన్ని అచ్చేశారు. లైమ్ నరాలకు పాకిన వందమందికి పైగా మనుషులను తీసుకున్నారు. రెండు వారాల పాటు అందరికీ రోజూ సూదీ వేశారు, అందరికీ గోలీలూ ఇచ్చారు.

"రెండూ ఇస్తే ఏది పనిచేసిందో ఎట్ల తెలుస్తది?" అంది పెద్దది. చూశారా, అదీ తెలివంటే! సగం మందికి సూదిలో మందు, గోలీ ఉత్తది. మిగతా సగానికి గోలీలో మందు, సూది ఉత్తది. ఎవరికి ఏది అసలుదో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. ఎందుకంత దాపరికం? మీ జేజి లాంటివాళ్ల కోసమే. సూది పడిందని తెలిస్తేనే సగం జ్వరం దిగిపోతుంది మనకు. ఆ నమ్మకాన్ని రెండు పక్కలా సమానంగా పంచితేనే మందు బలం తేలుతుంది. నాలుగు నెలల తర్వాత చూస్తే రెండు గుంపులూ ఒకేలా కోలుకున్నాయి.

అంతకు ముందే, 2001లో, అమెరికాలో ఇంకో సంగతి తేలింది. మందు వాడాక కూడా కొందరికి నీరసం, ఒళ్లు నొప్పులు నెలల తరబడి పోవు. పాపం, అవి అబద్ధపు నొప్పులు కావు. అలాంటివాళ్లకు నెలరోజులు సూది, ఆ పైన రెండు నెలలు గోలీలు ఇచ్చి చూశారు. ఉత్త మందు తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా కనపడలేదు. నెలల తరబడి నరంలో గొట్టం పెట్టుకుంటే ఆ గొట్టం దారినే కొత్త క్రిములు రావచ్చు, నెత్తురు గడ్డకట్టవచ్చు, సెఫ్‌ట్రయాక్సోన్ అయితే పిత్తాశయంలో మడ్డి కూడా పేరుకుంటుంది. పంట కోసిన చేనికి మళ్లీ నీళ్లు పారిస్తే కలుపే మొలుస్తుంది.

ఇదంతా అమెరికా కథ, మనకేం పట్టిందనుకుంటున్నారా? మన దగ్గర లైమ్ అరుదు. కానీ దానికి వరసకు తమ్ముడయ్యేది ఒకటి మన చెల్కల్లోనే ఉంది. అదిగో, బండి చప్పుడు. మీ చిన్నతాత వస్తున్నాడు. సమయానికి వచ్చావురా తమ్ముడూ, కూర్చో. ఆ మొలతాడు కాస్త పక్కకు జరిపి పిల్లలకు మచ్చ చూపించు. సిగ్గెందుకు, సైన్సు కోసమే!

చూశారా? మొలతాడు కింద, కుడిపక్కన, గోరంత చిన్న మచ్చ. ఆరేడేళ్ల కిందటి సంగతి. మీ చిన్నతాత చేను అమ్రాబాద్ పక్కన, నల్లమల అంచున ఉంది కదా. వానలు వెనకపట్టాక గట్ల మీది పచ్చగడ్డి కోసుకొచ్చాడు. పది పన్నెండు రోజులకు జ్వరం. తలనొప్పి ఎంతంటే కళ్లు తెరవలేడు. ఊళ్లో సూదేశారు. దిగలేదు. బాటిల్ ఎక్కించారు. దిగలేదు. పట్నం తీసుకుపోతే అక్కడా రోజుకు రెండుపూటలా సూదే, అదీ ఖరీదైన సెఫ్‌ట్రయాక్సోన్. మలేరియా కాదన్నారు, డెంగీ కాదన్నారు, టైఫాయిడ్ కావచ్చన్నారు. ఏడో రోజుకు ఆయాసం మొదలైంది. మా మరదలు బంగారం తాకట్టు పెట్టేదాకా వచ్చింది.

అప్పుడొక చిన్న డాక్టరమ్మ, చదువు ఇంకా పూర్తి కాని పిల్ల, రాత్రి డ్యూటీలో వచ్చి, "పెద్దాయనా, ఒకసారి పక్కకు తిరుగు" అంది. చంకలు చూసింది, మెడ వెనక చూసింది, చివరికి మొలతాడు జరిపి చూసింది. అక్కడ బీడీ అంటించినట్టు నల్లటి పక్కు. చుట్టూ సన్నటి ఎర్ర గీత. నొప్పి లేదు, దురద లేదు, కాబట్టి వీడికే తెలియదు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. పోయిన కోడి గంప కింద దొరికినట్టు! అప్పుడు రాసింది డాక్సీసైక్లిన్, గోలీలే. రెండో రోజు సాయంత్రానికి జ్వరం విడిచింది. మూడో రోజు మీ చిన్నతాత జొన్నరొట్టె, పుంటికూర అడిగాడు.

"అవ్, అడిగిన. ఇయ్యలేదు. ఇడ్లీ పెట్టిండ్రు," అంటున్నాడు చూడండి, ఇప్పటికీ కోపమే.

ఆ జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. స్క్రబ్ అంటే పొదలు. క్రిమి పేరు ఒరియెన్షియా సుత్సుగముషి, నోరు తిరక్కపోతే వదిలేయండి. దాన్ని మోసేది పిడుదు కాదు, నల్లి. మంచంలోది కాదు, మిరపకు పట్టే ఎర్రనల్లి జాతిది. మీరు తొలకరికి అరచేతిలో పెట్టుకొని ఆడుకుంటారే, ఎర్రటి మఖమలు గుడ్డలాంటి ఆరుద్ర పురుగు, దానికి దగ్గరి చుట్టమే. భయపడకండి, ఆరుద్ర పురుగు మనల్ని ఏమీ అనదు. ఈ చుట్టం కూడా పెద్దయ్యాక మన జోలికి రాదు. దాని పిల్ల మాత్రమే కుడుతుంది. పెద్దదానికి ఎనిమిది కాళ్లు, పిల్లకు ఆరే. కంటికి ఆనదు. గడ్డి కొనల మీద కాచుకొని ఉండి, ఒంటి మీదికెక్కి బట్ట బిగుతుగా ఉన్నచోటు వెతుక్కుంటుంది. మొలతాడు, నాడా, చంక.

ఇప్పుడు మీ చెవి ఇటు పెట్టండి, ఇది నాకు మహా ఇష్టమైన ముచ్చట. ఈ నల్లిపిల్ల పుట్టాక ఒక్కసారే కుడుతుంది. ఒక్క భోజనం, అంతే. మళ్లీ జన్మలో కుట్టదు. మరి మనల్ని కుట్టేటప్పటికే దాని కడుపులో క్రిమి ఎలా ఉంది? ఎవరినీ అంతకుముందు కుట్టలేదు కదా! తల్లి ఇచ్చింది. తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు, వారసత్వపు ఆస్తిలాగా దిగుతుంది. లైమ్ పిడుదుది అట్లా కాదు. అది ఉట్టి చేతులతో పుడుతుంది, ఎలుకను కుట్టినప్పుడు క్రిమిని చేబదులు తెచ్చుకుంటుంది. ఒకటి తల్లిగారి సొత్తు, ఒకటి అప్పు.

మరి ఖరీదైన సూది ఓడిపోయి, చవక గోలీ ఎందుకు గెలిచింది? సెఫ్‌ట్రయాక్సోన్ మంచి మందే. లైమ్ క్రిమిని చంపే మందే. కానీ అది చేసే పని క్రిమి చుట్టూ కట్టుకునే గోడ నిలవకుండా చేయడం. తాపీమేస్త్రీ సిమెంటు కలుపుతుంటే మధ్యలో దూరి ఇసుక తన్నేసినట్టు. స్క్రబ్ టైఫస్ క్రిమి పెద్దగా గోడే కట్టుకోదు. దానికి తోడు మన కణాల లోపల, నెత్తురు గొట్టాల లోపలి పొరలోనే కాపురం పెడుతుంది. సొంత ఇల్లే కట్టనివాడి మీదికి గోడలు పగలగొట్టేవాణ్ని పంపితే ఏం లాభం? ఎన్ని సూదులు వేసినా వీధిలో తిరిగి వెనక్కి వస్తాయి.

డాక్సీసైక్లిన్ అట్లా కాదు. కణం లోపలికి దూరుతుంది, క్రిమి వంటింట్లోకే పోతుంది. అన్ని ప్రాణుల్లోనూ ఒక పెనం ఉంటుంది, దాని పేరు రైబోజోము. దాని మీదే మాంసకృత్తులనే రొట్టెలు తయారవుతాయి. పెనం దగ్గరికి పిండి ముద్దలు ఒక్కొక్కటే వస్తుండాలి. ఈ మందు పోయి ఆ ముద్ద పెట్టే చోటే పీట వేసుకొని కూర్చుంటుంది. లేవదు. ముద్ద రాదు, రొట్టె కాదు, క్రిమి పస్తు. పండగకొచ్చి పొయ్యి ముందు కూర్చుని కదలని చుట్టాలను మీ జేజినడిగితే చెబుతుంది. మన కణాల పెనం ఆకారం వేరు కాబట్టి మనకు ఆ బాధ అంతగా లేదు.

ఈ మందు ఎక్కడిదో చెప్పమంటారా? మట్టిది.

"మట్టిలకెళ్లి మందా?" అంది జేజి. లోపల పప్పు రుబ్బుతూనే చెవి ఇటే పెట్టింది, చూశారా!

అవును, మట్టిలోంచే. తొలకరి చినుకు పడగానే కమ్మటి వాసన లేస్తుంది కదా. ఆ వాసన మట్టిది కాదు, మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే క్రిములది. అవి తమ చుట్టూ ఇతర క్రిములు చేరకుండా మందులు చిమ్ముకుంటాయి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని ఒక మహానుభావుడు. అమెరికాలో లెడర్లే కంపెనీలో పరిశోధనకు పెద్ద. ఆ కంపెనీ ఉన్న పెర్ల్ రివర్ అనే ఊరు న్యూజెర్సీ పొలిమేరకు ఆనుకునే ఉంటుంది. ఆయన నడిపిన పరిశోధనల్లోనే బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై దాటిన మొక్కల పంతులు, ఉద్యోగం విరమించాక వచ్చి చేరినవాడు, ఊరూరి మట్టి తెప్పించి వెతికాడు. మిసోరి విశ్వవిద్యాలయం వారి పొలం మట్టిలో బంగారు రంగు క్రిమి ఒకటి దొరికింది. అది చిమ్మే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టు 8న సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ ఆరియోమైసిన్ వంశంలో మనవడి వరస మన డాక్సీసైక్లిన్. 1967లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే తొలకరికి బయటకొచ్చే ఆరుద్ర పురుగు చుట్టం జబ్బు తెస్తే, అదే తొలకరికి వాసన వేసే మట్టి చుట్టం మందు ఇచ్చింది. ఇద్దరూ ఒకే చెల్కలో ఉంటారు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు లోపల గిలిగింతలు పెట్టినట్టుంటుంది.

ఇంతా విని సూదికి నేను పగవాణ్ననుకోకండి. మీ చిన్నతాతకు ఆయాసం ఇంకో రెండు రోజులు ముదిరి, వాంతులై, బీపీ పడిపోయి, స్పృహ తప్పి ఉంటే గోలీ మింగడం ఎట్లా? మింగినా అలాంటి ఒంట్లో పేగులు సరిగా పనిచేయవు. అప్పుడు సూదే దిక్కు. అందులోనూ ఏ సూది అన్నదే మళ్లీ ప్రశ్న. దీని మీద మన దేశంలోనే గొప్ప పని జరిగింది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు ముందుండి, మరికొన్ని ఆసుపత్రులతో కలిసి, ముదిరిన స్క్రబ్ టైఫస్ రోగులు 794 మందిని చూశారు. ఒక గుంపుకు నరంలో డాక్సీసైక్లిన్, ఒక గుంపుకు నరంలో అజిత్రోమైసిన్, ఒక గుంపుకు రెండూ. 2023లో లెక్క తేలింది. ప్రాణం పోవడం, ఏడో రోజుకూ అవయవాల ఇబ్బంది తీరకపోవడం, ఐదో రోజుకూ జ్వరం దిగకపోవడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగినవాళ్లు ఒక్క మందు గుంపుల్లో నూటికి 47, 48 మంది. రెండు మందుల గుంపులో 33. ప్రాణాలు పోయిన లెక్క మాత్రం మూడింటా ఇంచుమించు ఒకటే, అది దాచకూడదు. రెండు మందులు కలిస్తే ఎందుకు మేలు? ఒకటి పెనం మీదికి ముద్ద రాకుండా పీట వేసుకుంటుంది, రెండోది చేసిన రొట్టె బయటికి పోయే వాకిలి మూసేస్తుంది.

మీ జేజి పుట్టిల్లు గద్వాల కదా. ఆమె పెళ్లి చీర పెట్టెలో ఇంకా ఉంది. గద్వాల చీర మడిస్తే అగ్గిపెట్టెలో పడుతుందంటారు, అది వేరే ముచ్చట. ఆ చీర ఒళ్లంతా నూలు, అంచు మాత్రం పట్టు. రెంటినీ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి ముడేసి నేస్తారు. అతుకు కనపడదు. తెలిసిన డాక్టరు వైద్యం కూడా అలాగే ఉంటుంది. జబ్బు గట్టిగా ఉన్న మొదటి రెండు మూడు రోజులు సూది, అది పట్టంచు. మనిషి లేచి బువ్వ తినగానే గోలీలోకి మార్చేస్తారు, అది నూలు ఒళ్లు. చీరంతా పట్టు పెట్టమంటే బరువు, ఖర్చు, ఎండకు ఉడుకు. అయితే లేచి తిరుగుతున్న పిల్లాడికి, మచ్చ ఒక్కటే ఉన్నవాడికి, అంచు కూడా అక్కరలేదు.

ఈ గోలీకీ చాదస్తాలు లేకపోలేదు. గ్లాసెడు నీళ్లతో మింగాలి. మింగి వెంటనే పడుకుంటే గొంతు దిగువన ఇరుక్కొని పుండు చేస్తుంది. ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుంది, పొలం మనిషికి ఇదో బాధ. పాలలో ఉండే సున్నాన్ని చూస్తే దీని జాతి మందులకు ఒదిలిపెట్టలేని ప్రేమ, పట్టుకుని పేగులోనే ఉండిపోతాయి. డాక్సీసైక్లిన్‌కు ఆ జబ్బు కాస్త తక్కువే అయినా పాలు ఎడంగా తాగడం మంచిది. ఆ ప్రేమతోనే పూర్వం వీటి పెద్దన్న టెట్రాసైక్లిన్ పసిపిల్లల పళ్లను పచ్చబరిచేది. అందుకే ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు ఇవ్వడానికి జంకేవారు. డాక్సీసైక్లిన్ కొద్ది రోజులే ఇస్తే ఆ బెడద లేదని ఇప్పుడు తేలింది.

అదిగో, ఫోన్ మోగింది. అక్కడ పొద్దున్నే ఏడయి ఉంటుంది. మీ జేజి చేతులు కడుక్కోకుండానే అందుకుంది. వినండి.

"నాయినా, గోలీ ఏసుకున్నవా? గ్లాసు నిండ నీళ్లు తాగినవా? పాలతోని ఏసుకోకు, ఇంటున్నవా, పాలు తర్వాత తాగు. ఏసుకోంగనే పండుకోకు, అరగంట కూసో. ఎండల ఆడకు. మచ్చ సూపియ్యి... ఏదీ, ఇటు తిప్పు ఫోను... ఆఁ, వెలిసింది, వెలిసింది. మంచిగైంది. మీ అమ్మకియ్యి."

కొంచెంసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి:

"అవ్ గానీ బిడ్డా, మీ నాయిన చెప్పింది అంత ఇన్నలే. అయినా ఒక్క సూది ఏపిస్తే ఏం పోతదే?"